తలుపు దగ్గర ఒకసారి, మలుపు దగ్గర ఇంకోసారి

ఆదాయ ధ్రువపత్రం కోసం తిరిగినవాళ్లకు ఒక మాట బాగా పరిచయం. మీసేవ కౌంటర్ దగ్గర "ఏమైందండీ మా సర్టిఫికెట్?" అని అడిగితే, అక్కడి అబ్బాయి స్క్రీన్ వంక చూసి "ఇంకా ఆర్‌ఐ గారి లాగిన్‌లోనే ఉందండీ" అంటాడు. నాలుగు రోజులాగి వెళ్తే "ఎమ్మార్వో లాగిన్‌కి వెళ్లింది, సంతకం పడాలి" అంటాడు. కంప్యూటర్ ముట్టుకోని పెద్దవాళ్లు కూడా ఊళ్లోకి వచ్చి ఇదే మాట చెబుతారు. వాళ్ల లెక్కలో లాగిన్ అంటే పాస్‌వర్డ్ కొట్టే పెట్టె కాదు, కాగితం ఆగిన చోటు. ఆ వాడుక నాకు చాలా ఇష్టం. సాఫ్ట్‌వేర్ వాళ్లు పేజీల కొద్దీ చెప్పే సంగతి అందులో ఇమిడిపోయింది.

ఈలోగా ఎమ్మార్వోకి బదిలీ అయిందనుకోండి. మన దరఖాస్తు ఆయన వెంట పక్క మండలానికి పోదు. కుర్చీ దగ్గరే ఉంటుంది. కొత్తగా వచ్చినావిడ తన పేరుతో, తన డిజిటల్ సంతకంతో లోపలికి వస్తుంది. ఆగిపోయిన దరఖాస్తులన్నీ ఆవిడ ముందు కనిపిస్తాయి. పాతాయన అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో వచ్చినా ఈ మండలం కాగితాలు ఇక ఆయనకు కనిపించకూడదు. మనిషి మారలేదు, కుర్చీ మారింది.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. వచ్చింది ఎవరు? వచ్చినవారు ఏం చెయ్యొచ్చు? మొదటిది ఆథెంటికేషన్, రెండోది ఆథరైజేషన్. రెండూ ఒకేలా మొదలవుతాయి కాబట్టి ఈ పనిలో ఏళ్లుగా ఉన్నవాళ్లు కూడా "ఆథ్" అని సగంలో తుంచేసి మాట్లాడుతుంటారు, ఏ సగం గురించో వాళ్లకే తెలియాలి. తేడా మాత్రం మనకు కొత్తది కాదు. శుభలేఖ అందినవాళ్లని పెళ్లికి లోపలికి రానిస్తారు. అంతమాత్రాన పీటల మీద కూర్చోనివ్వరు.

రెండో ప్రశ్న దగ్గర తరచూ వినబడే రోల్ అనే మాటను పుస్తకాల్లో "పాత్ర" అని రాస్తుంటారు. నాకది నాటకం వాసన కొడుతుంది. "హోదా" అంటే సరిగ్గా అతుకుతుంది. అనుమతులు మనుషులకు కాదు, హోదాలకు ఇవ్వాలి. మనుషుల్ని హోదాల్లో కూర్చోబెట్టాలి అన్న పద్ధతిని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో పనిచేసిన డేవిడ్ ఫెరాయోలో, రిచర్డ్ కున్ 1992లో ఒక పత్రంగా రాశారు. 1996లో రవి సంధు, ఆయన సహచరులు దానికి నమూనాలు గీశారు. 2004లో అమెరికాలో అది జాతీయ ప్రమాణం అయింది. దాని లాభం చిన్న లెక్కతో తేలిపోతుంది. 300 మంది ఉద్యోగులు, 50 రకాల పనులు ఉన్న ఆఫీసులో ఒక్కొక్కరికీ విడివిడిగా అనుమతి రాస్తే 15,000 గళ్ల పట్టిక అవుతుంది. దాన్ని ఎవరూ చదవరు. 8 హోదాలు పెట్టుకుంటే పనులకూ హోదాలకూ మధ్య 400 గళ్లు, ఆపైన ఎవరిది ఏ హోదా అని 300 వరుసలు. ఒక సాయంత్రం కూర్చుని సరిచూసుకోవచ్చు.

ఇంతవరకూ ఏ వెబ్‌సైటుకైనా వర్తించే మాటే. ప్రోగ్రాముల మధ్య సందేశాలకు దారి చూపే మెసేజ్ రూటింగ్‌లోకి వచ్చేసరికి కథ కాస్త మెలిక తిరుగుతుంది.

పెద్ద సంస్థల్లో ఒక ప్రోగ్రామ్ మరో ప్రోగ్రామ్‌ను నేరుగా పిలవకుండా, మధ్యలో ఒక తపాలా ఆఫీసు పెట్టుకోవడం మామూలే. దాన్ని బ్రోకర్ అంటారు. ర్యాబిట్‌ఎంక్యూ, యాక్టివ్‌ఎంక్యూ, కాఫ్కా వంటి పేర్లు మీ ఇంట్లో సాఫ్ట్‌వేర్ పిల్లలు ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే వినే ఉంటారు. వీటిలో ర్యాబిట్‌ఎంక్యూ 2007లో వచ్చింది. అది మాట్లాడే ఏఎంక్యూపీ అనే భాష అంతకు ముందు, 2003లో, జేపీ మోర్గాన్ ఛేజ్ బ్యాంకులో జాన్ ఒహారా మొదలుపెట్టింది. బ్యాంకులో పుట్టిందంటేనే అవసరం ఎలాంటిదో తెలుస్తుంది: ఒక్క సందేశం కూడా పోకూడదు, వేరే ఇంటికి చేరకూడదు.

అది పనిచేసే తీరు పాత రోజుల రైల్వే మెయిల్ సర్వీస్ బోగీని గుర్తు చేస్తుంది. రాత్రంతా ఉత్తరాలు విడదీసే సార్టర్ కవరు విప్పేవాడు కాదు. పిన్‌కోడ్ చూసి, దాని తాలూకు గూట్లో పడేసేవాడు. ర్యాబిట్‌ఎంక్యూలో సార్టర్‌ని ఎక్స్‌ఛేంజ్ అంటారు, గూడు పేరు క్యూ, పిన్‌కోడ్ లాంటిది రూటింగ్ కీ. ఏ పిన్‌కోడ్ ఏ గూట్లోకి అన్న నియమాన్ని బైండింగ్ అంటారు. పంపేవాడు సార్టర్ చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. తీసుకునేవాడు తన గూటి దగ్గర నిలబడి ఒక్కొక్కటే తీసుకుంటాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. సుఖమంతా అందులోనే ఉంది, తలనొప్పీ అందులోనే ఉంది.

తలనొప్పి ఎలాంటిదో నేనొకసారి దగ్గర్నుంచి చూశాను. ఆన్‌లైన్‌లో సామాన్లు అమ్మే ఒక కంపెనీకి పనిచేస్తున్న రోజులు. ఒక మంగళవారం పొద్దున కస్టమర్ కేర్ వాళ్లు ఫోన్ చేశారు: డబ్బులు కట్టేశారట, గోడౌన్‌కి ఆర్డర్ రాలేదట. ఒకటీ రెండూ కాదు. జాబితా తీసి చూస్తే, ఆ ఉదయం నుంచి వచ్చిన ఆర్డర్లలో ఒకటి విడిచి ఒకటి మాయం. మొదటిది గోడౌన్‌కి చేరింది, రెండోది లేదు, మూడోది చేరింది, నాలుగోది లేదు. ఎవరో చేత్తో ఏరినట్టుంది. తప్పు ఎక్కడో దొరక్కపోతే భయం వేస్తుంది. కానీ ఇంత పద్ధతిగా ఉన్న తప్పు చూస్తే ఇంకా ఎక్కువ భయం వేస్తుంది.

దొరకడానికి మూడు గంటలు పట్టింది. మా టీమ్‌లోనే ఒకబ్బాయి కొత్తగా రాస్తున్న ప్రోగ్రామ్‌ను తన మెషీన్ మీద నడిపి చూసుకుంటున్నాడు. సెట్టింగులు ఎక్కడినుంచో కాపీ కొట్టాడు. అందులో ఉన్న చిరునామా పరీక్షల బ్రోకర్‌ది కాదు, అసలు బ్రోకర్‌ది. ఒకే గూటి దగ్గర ఇద్దరు నిలబడితే ర్యాబిట్‌ఎంక్యూ ఇద్దరికీ వంతులవారీగా పంచుతుంది. పని పంచుకోవడానికి ఉద్దేశించిన సదుపాయమే అది. గోడౌన్ ప్రోగ్రామ్‌కి ఒకటి, ఆ అబ్బాయి ప్రోగ్రామ్‌కి ఒకటి. ఇతని ప్రోగ్రామ్ బుద్ధిగా ప్రతి ఆర్డర్‌నీ "అందింది" అని రసీదు ఇచ్చి, తన పరీక్షల డేటాబేస్‌లో దాచుకుంది. రసీదు వచ్చింది కాబట్టి బ్రోకర్ ఆ సందేశాన్ని చెరిపేసింది.

అందరం ఆ అబ్బాయి వంక చూశాం. అది అన్యాయం. అతను పాస్‌వర్డ్ దొంగిలించలేదు. మా కంపెనీలో ఉన్న ఇరవై పైచిలుకు ప్రోగ్రాములన్నీ ఒకే యూజర్ పేరుతో, ఒకే పాస్‌వర్డ్‌తో బ్రోకర్‌లోకి వెళ్లేవి. ఆ యూజర్‌కి అన్ని అనుమతులూ ఉండేవి. పని తొందరగా అవుతుందని ఎవరో మొదట్లో అలా పెట్టారు, తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఆథెంటికేషన్ పక్కాగా జరిగింది: పేరు సరైనదే, పాస్‌వర్డ్ సరైనదే. ఇంటిల్లిపాదికీ ఒకటే రేషన్ కార్డు ఉన్నట్టు, బ్రోకర్‌కి మేమందరం ఒకే మనిషిలా కనిపించాం. నువ్వు ఏ గూటి ముందు నిలబడవచ్చు అన్న రెండో ప్రశ్నని మేం అడగనివ్వలేదు.

అడగనిస్తే ఎలా ఉంటుందో చూద్దాం. ర్యాబిట్‌ఎంక్యూలో ముందు వర్చువల్ హోస్ట్ అని ఒకటుంటుంది. ఒకే ఇంట్లో వేర్వేరు పోర్షన్ల లాంటిది. పరీక్షలకు ఒక పోర్షన్, అసలు పనికి ఒక పోర్షన్. ఒక పోర్షన్ తాళంచెవి రెండోదానికి పట్టదు. లోపలికి వెళ్లాక ప్రతి యూజర్‌కీ మూడు రకాల అనుమతులు. కాన్ఫిగర్ అంటే గూళ్లు కొత్తగా చెయ్యడం, తీసెయ్యడం. రైట్ అంటే సందేశం వెయ్యడం. రీడ్ అంటే తీసుకోవడం. ఈ మూడింటికీ ఏ పేర్లున్న గూళ్లకు, ఏ సార్టర్లకు వర్తిస్తాయో ఒక నమూనా రాస్తారు. "ఆర్డర్" అని మొదలయ్యే పేర్లన్నీ, అన్నట్టు. నమూనా ఖాళీగా వదిలేస్తే ఏదీ కుదరదని అర్థం. చుక్క పెట్టి పక్కన నక్షత్రం గుర్తు పెడితే అన్నీ కుదురుతాయని అర్థం. మా యూజర్‌కి మూడు చోట్లా చుక్కా నక్షత్రమే ఉండేది. చాలా కంపెనీల్లో అలాగే ఉంటుంది, నన్ను పందెం కాయమన్నా కాస్తాను.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. కొత్త గూడు చేసి, దాన్ని సార్టర్‌కి తగిలించి "ఈ పిన్‌కోడ్ ఉత్తరాల నకలు నాకూ వెయ్యి" అని చెప్పాలంటే, ఆ గూటి మీద రైట్ అనుమతి ఉంటే చాలదు, సార్టర్ మీద రీడ్ అనుమతి కూడా ఉండాలి. మొదటిసారి చదివినప్పుడు తిరకాసుగా తోస్తుంది. ఆలోచిస్తే న్యాయమే. సార్టర్ చేతిలోని ఉత్తరాలకు నకలు అడగడమంటే వాటిని చదవడమే కదా. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

నిజం చెప్పాలంటే ర్యాబిట్‌ఎంక్యూ ఈ అనుమతుల్ని యూజర్ పేరు మీదే రాసుకుంటుంది. అడ్మినిస్ట్రేటర్, మానిటరింగ్ లాంటి ట్యాగులు ప్రధానంగా దాని నిర్వహణ పేజీలో ఎవరు ఏం చూడొచ్చో చెప్పేవి. హోదాల పద్ధతి అచ్చంగా కావాలంటే యాక్టివ్‌ఎంక్యూ చూడాలి. అక్కడ ప్రతి గూటికీ చదివే హోదాలు ఇవి, వేసే హోదాలు ఇవి, సృష్టించే హోదాలు ఇవి అని వరుసగా రాస్తారు. ఎవరిది ఏ హోదా అన్నది వేరే చోట ఉంటుంది. బ్రోకర్‌కి మనుషుల పేర్లతో పనిలేదు, కుర్చీలతోనే పని. ఎమ్మార్వో బదిలీ లాంటిది జరిగితే ఒక్క వరుస మారుస్తే సరిపోతుంది.

సరే, ప్రతి ప్రోగ్రామ్‌కీ దాని పేరు, దాని హోదా, దాని గూళ్లు ఇచ్చేశాం అనుకుందాం. అంతటితో అయిపోయిందా అంటే, అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఫోన్‌లో మాట్లాడేటప్పుడు అవతలి మనిషి లైన్‌లో ఉంటాడు, అనుమానం వస్తే ఎదురు ప్రశ్న వెయ్యొచ్చు. ఉత్తరం చేతికి వచ్చేసరికి రాసినవాడు ఊళ్లో ఉండడు. మెసేజ్ రూటింగ్‌లో తలుపు దగ్గర అడిగే ప్రశ్న ఉత్తరం తెచ్చినవాడికే, రాసినవాడికి కాదు. ఉదాహరణకు డబ్బు వాపసు అడిగే సందేశాలు తీసుకోండి. 5,000 రూపాయలు దాటితే పరిశీలన గూట్లోకి వెళ్లాలి, మేనేజర్ ఆమోదం ఉంటే నేరుగా చెల్లింపు గూట్లోకి పోవచ్చు అని నియమం పెట్టారు. మేనేజర్ ఆమోదించాడని ఎలా తెలుస్తుంది? సందేశం పైన హెడర్ అనే చిన్న చీటీ ఉంటుంది, అందులో "హోదా: మేనేజర్" అని రాసి ఉంటుంది. మలుపు దగ్గర ఉన్న రూటర్ ఆ చీటీ చూసి దారి మారుస్తుంది. చీటీ రాసింది ఎవరు? ఆ గూట్లో సందేశం వేసే అనుమతి ఉన్న ఎవరైనా రాయొచ్చు. కవరు మీద "కలెక్టర్ గారి నుంచి" అని రాయడానికి కలెక్టర్ అవ్వక్కర్లేదు.

ర్యాబిట్‌ఎంక్యూ దీనికి సగం మందు ఇస్తుంది. సందేశంలో పంపినవారి పేరుకంటూ ఒక గడి ఉంది. దాన్ని నింపితే, కనెక్షన్ తెరిచిన యూజర్ పేరుతో బ్రోకర్ పోల్చి చూస్తుంది. తేడా వస్తే ఆ సందేశం వచ్చిన దారిని, అంటే ఛానెల్‌ని, మూసేస్తుంది. సగం మందు అని ఎందుకన్నానంటే, దీనివల్ల తెలిసేది ఏ ప్రోగ్రామ్ పంపిందో మాత్రమే. ఆ ప్రోగ్రామ్ వెనక మీట నొక్కింది క్యాషియరో మేనేజరో బ్రోకర్‌కి తెలియదు.

మిగతా సగానికి సంతకం కావాలి. లాగిన్ అయినప్పుడు మనిషి పేరు, హోదా, గడువు రాసి, దిద్దితే దొరికిపోయేలా సంతకం చేసి ఇచ్చే చీటీని టోకెన్ అంటారు. 2015లో ప్రమాణంగా స్థిరపడిన జేడబ్ల్యూటీ అలాంటిదే. దాన్ని సందేశంతో పాటు పంపితే ప్రతి మలుపు దగ్గరా సరిచూసుకోవచ్చు. వినడానికి బాగుంది. కానీ టోకెన్ గడువు పదిహేను నిమిషాలనుకోండి, అవతలి ప్రోగ్రామ్ మూడు గంటలు పడుకుంది. లేచి చూసేసరికి గూట్లో అన్నీ గడువు తీరిన టోకెన్లే. సందేశాలు నిజమైనవే, పంపినవాళ్లకు పంపినప్పుడు అధికారం ఉంది. వీటిని తిరగ్గొట్టాలా, తీసుకోవాలా? పోనీ గడువు వారం పెడదామంటే, లాగిన్ టోకెన్ అంటే తాళంచెవి. గూట్లోకి తొంగిచూడగలిగిన ప్రతివాడి చేతిలో వారం రోజులు పనికొచ్చే తాళంచెవి పెట్టినట్టే.

నా మట్టుకు నేను తాళంచెవిని కవర్లో పెట్టి పంపను. తలుపు దగ్గర ఉన్న ప్రోగ్రామ్ టోకెన్ సరిచూసి, "ఫలానా వారు, ఫలానా హోదాలో, ఇన్ని గంటలకు దీన్ని ఆమోదించారు" అని తన సంతకంతో ఒక వాంగ్మూలం రాసి పంపితే మేలు. వాంగ్మూలంతో ఎవరూ తలుపులు తెరవలేరు. డబ్బు కదిలే మలుపు దగ్గర మాత్రం ఇంకో ప్రశ్న అడగాలి: ఆయన ఇప్పటికీ మేనేజరేనా? దీనికి కాస్త సమయం పడుతుంది. పట్టనివ్వండి. ఇలాంటి దారుల్ని అల్లడానికి వాడే అపాచీ క్యామెల్‌లో దారి మొత్తానికి కాక, ఒక ముక్క చుట్టూ మాత్రమే కావలి పెట్టే వీలుంది. ఫలానా హోదా లేనిదే ఈ ముక్కలోకి సందేశం అడుగుపెట్టదు. ఎక్కడ కావలి పెట్టాలో ఎంచుకోవడంలోనే పనితనమంతా ఉంది.

తలుపు దగ్గర అంతా సవ్యంగా ఉండి కొంప మునిగిన ఉదంతం ప్రపంచమంతా చూసిందే. 2016 ఫిబ్రవరి 4 రాత్రి బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు నుంచి న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకుకి, బ్యాంకుల మధ్య సందేశాలు మోసే స్విఫ్ట్ మీదుగా, 35 చెల్లింపు సందేశాలు వెళ్లాయి. మొత్తం దాదాపు 95 కోట్ల డాలర్లు. పంపింది బ్యాంకు కంప్యూటర్లలో దూరిన దొంగలు, కానీ వాడింది బ్యాంకు సొంత వివరాలే. స్విఫ్ట్ దృష్టిలో అవి అసలైన సందేశాలు. వాటిలో 5 సందేశాలు దాటుకుపోయాయి. 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కి చేరాయి. శ్రీలంకకు వెళ్లిన 2 కోట్లు వెనక్కి వచ్చాయి, ఎందుకంటే "ఫౌండేషన్" అన్న మాటను "ఫాండేషన్" అని తప్పుగా రాశారు. దారిలో ఉన్న ఒక బ్యాంకులో ఎవరికో అక్షరదోషం కంట్లో పడింది. అదీ మలుపు దగ్గర పడిన ప్రశ్నే, కాకపోతే అదృష్టవశాత్తు పడింది.

మన దగ్గర 2018 ఫిబ్రవరిలో బయటపడ్డ పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసం వ్యవహారంలో దూరినవాళ్లు బయటివాళ్లు కూడా కాదు. ముంబై శాఖ నుంచి హామీ పత్రాలు స్విఫ్ట్‌లో వెళ్లాయి, బ్యాంకు ప్రధాన ఖాతా పుస్తకంలో మాత్రం ఎక్కలేదు. రెండు వ్యవస్థలకూ మధ్య ముడి లేకపోవడంతో ఒకదాన్ని చూసి రెండోది ప్రశ్నించే వీలే లేకపోయింది. ఆ ఏడాది ఏప్రిల్ 30లోగా రెండింటినీ కలపాలని రిజర్వ్ బ్యాంకు అన్ని బ్యాంకులకూ గడువు పెట్టింది. హోదాల పద్ధతిలో దీనికి పాత మందే ఉంది: తయారుచేసే హోదా, ఆమోదించే హోదా ఒకే మనిషికి ఎప్పుడూ దక్కకూడదు. బ్యాంకుల్లో మేకర్, చెకర్ అంటారు. పాస్‌వర్డ్‌ను పక్క సీటు ఆయనకు చెప్పిన రోజు ఆ గోడ కూలిపోతుంది, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని నిలబెట్టలేదు.

ఇంకో చోటుంది, అందరూ మరిచిపోయేది. బట్వాడా కాని సందేశాలు పడే గూడు. దాన్ని డెడ్ లెటర్ క్యూ అంటారు. పేరు తపాలా శాఖ నుంచి వచ్చిందే. మన తపాలాలో చిరునామా దొరకని ఉత్తరాలు రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసుకి వెళ్తాయి. పంపినవారి అడ్రస్ వెతకడానికి అక్కడ కవరు విప్పుతారు, అందుకే ఆ పని అందరికీ అప్పగించరు. సాఫ్ట్‌వేర్‌లో జరిగేది తలకిందులు. చెల్లింపు గూటికి వంద కావళ్లు పెడతారు. అదే చెల్లింపు సందేశం చెడిపోయి డెడ్ లెటర్ గూట్లో పడితే, ఖాతా నంబర్లతో సహా, టీమ్‌లో ఎవరైనా తెరిచి చూసేలా వదిలేస్తారు. "పాడైన సందేశాలే కదా" అంటారు. దారి తప్పినంత మాత్రాన లోపలి రహస్యం రహస్యం కాకుండా పోదు.

మా కథకొస్తే, ఆ మంగళవారం తర్వాత నెల రోజులు కూర్చుని ప్రతి ప్రోగ్రామ్‌కీ సొంత పేరు, సొంత అనుమతులు ఇచ్చాం. మొదటి వారం నరకం. ఎవరికి ఏం కావాలో మాకే సరిగ్గా తెలియదు కాబట్టి ఎటు చూసినా 403, అంటే అనుమతి లేదు. ఒక్కొక్క తిరస్కారం చూసి ఒక్కొక్క నమూనా దిద్దుకుంటూ వెళ్లాం. అన్నీ కుదురుకున్నాక ఒక శనివారం రాత్రి పాత ఉమ్మడి యూజర్‌ని తీసేసి, తెరిచి ఉన్న దాని కనెక్షన్లన్నీ తెంపేశాం. పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే, అంతకుముందే తెరిచి ఉన్న కనెక్షన్ అలాగే సాగిపోయే ప్రమాదం ఉంది మరి.

నిమిషం తిరక్కుండా లాగ్‌లో ఒక తిరస్కారం కనబడింది. మరో నిమిషానికి ఇంకోటి. ఏదో మెషీన్ పాత పేరుతో నిమిషానికోసారి తలుపు కొడుతోంది. మా జాబితాలో ఆ మెషీన్ లేదు. వెతికితే, రెండేళ్ల క్రితం ఉద్యోగం మానేసిన ఒకాయన రాసిన స్క్రిప్టు. ఆర్డర్ల సార్టర్‌కి సొంత గూడు తగిలించుకుని, ప్రతి ఆర్డర్ నకలూ, పేరూ ఫోన్ నంబరూ ఇంటి చిరునామాతో సహా, పోగుచేసుకుంటోంది. రాత్రికి రిపోర్టు తయారుచేసి అకౌంట్స్ వాళ్లకు మెయిల్ పంపుతోంది. మూడు చోట్లా చుక్కా నక్షత్రం ఉన్న యూజర్ కదా, సార్టర్ మీద రీడ్ అనుమతి అడగాల్సిన అవసరం దానికి ఎప్పుడూ రాలేదు.

ఆ రిపోర్టు ఆగిపోతే ఇబ్బందా అని అకౌంట్స్ విభాగానికి మెయిల్ పెట్టాం. రెండు రోజుల తర్వాత ఒక లైను జవాబు వచ్చింది: "ఏ రిపోర్టండీ?"